తొమ్మిదేళ్ళ సర్వీసుకి 770 రూపాయలేనా?

సిస్టర్, మీరు రాసింది రెండుసార్లు చదివాను. హైదరాబాద్‌లో మూడు వందల పడకల ప్రైవేటు ఆసుపత్రి, మెడికల్ ఐసీయూ. జీఎన్ఎమ్ (నర్సింగ్ డిప్లొమా) చేసి 2016లో 12,000తో చేరారు. ఏటా ఆరు శాతం చొప్పున పెరిగి ఇప్పుడు 20,270. మొన్న జూన్‌లో చేరిన అమ్మాయికి, మీరే పక్కన నిలబెట్టుకుని పని నేర్పిస్తున్న అమ్మాయికి, 19,500. ఆ సంగతి తెలిసిన రాత్రి డ్యూటీలో మనసు మనసులో లేదన్నారు. హెచ్ఆర్‌ని అడిగితే "మీకు ఏటా ఇంక్రిమెంట్ ఇస్తూనే ఉన్నాం కదా సిస్టర్" అన్నారట. అడగాలా, మానేయాలా, నోరు మూసుకుని ఉండాలా అని మీ ప్రశ్న.

అడగాలి. కానీ "ఆ అమ్మాయికి అంత, నాకు ఇంతేనా" అని అడిగితే మళ్ళీ అదే జవాబు వస్తుంది.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. 1993లో విజయవాడలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో నెలకి 700 రూపాయలకి చేరాను. వార్డు, డయాలసిస్, ఐసీయూ అన్నీ తిరిగి, ఆఖరి పదేళ్ళు హైదరాబాద్‌లో నర్సింగ్ సూపరింటెండెంట్‌గా చేసి రిటైరయ్యాను. జీతం పెంచమని అడిగిన కుర్చీలోనూ కూర్చున్నాను, "ఈసారికి కుదరదమ్మా" అన్న కుర్చీలోనూ కూర్చున్నాను. రెండో కుర్చీలో ఉండగా నేను చేసిన తప్పొకటి ఉంది, కింద రాస్తాను.

ముందు లెక్క చూద్దాం. మీకూ ఆ అమ్మాయికీ తేడా నెలకి 770. తొమ్మిదేళ్ళకి పంచితే ఒక్కో ఏడాది సర్వీసుకి 85 రూపాయలు. రెండు ఇరానీ చాయ్‌లు, ఒక బన్ మస్కా. ఆ అమ్మాయి మీద మాత్రం కోపం పెట్టుకోకండి. ఈ ఊళ్ళో హాస్టల్ అద్దె కట్టి, ఊరికి నాలుగు రాళ్ళు పంపాలంటే ఆ 19,500 ఎటూ చాలవు.

హెచ్ఆర్ వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు. మీకు ఇంక్రిమెంట్లు ఇచ్చారు. చిక్కు ఎక్కడుందో ప్రభుత్వ ఉద్యోగి పేస్లిప్ పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. వాళ్ళకి ధరలు పెరిగినందుకు డీఏ వేరు. ఒక ఏడాది సర్వీసు పూర్తయినందుకు ఇంక్రిమెంట్ వేరు. కొన్నేళ్ళకోసారి పీఆర్సీ (వేతన సవరణ సంఘం) వచ్చి స్కేలే మారుస్తుంది. తెలంగాణలో 2021లో 30 శాతం ఫిట్‌మెంట్ (పాత బేసిక్ మీద కలిపే పెంపు) ఇచ్చారు, ఆంధ్రలో 2022లో 23 శాతం ఇచ్చారు. ఆ ఫిట్‌మెంట్ కొత్తగా చేరబోయేవాళ్ళ స్కేలుతోపాటు పాతికేళ్ళ సర్వీసున్నవాళ్ళ జీతాన్నీ కలిపి పైకి లేపుతుంది, కాబట్టి వరస చెదరదు. దానికి తోడు మన రెండు రాష్ట్రాల్లోనూ 6, 12, 18, 24 ఏళ్ళ స్కీము ఉంది. ప్రమోషన్ రాకపోయినా ఆరేళ్ళకోసారి ఒక మెట్టు ఎక్కిస్తారు.

ప్రైవేటులో ఇన్ని పనులూ ఒక్క ఇంక్రిమెంట్ మీదే పడతాయి. మీ ఆరు శాతంలో చాలా భాగం ఇంటద్దె, పప్పు ఉప్పుల ధరలే తినేశాయి. సర్వీసుకి మిగిలింది ఆ 85 రూపాయలు. "ఏటా ఇంక్రిమెంట్ ఇచ్చాం" అన్నప్పుడు మీరు వెయ్యాల్సిన ప్రశ్న ఒక్కటే: ఆ ఇంక్రిమెంట్ దేనికి, ధరలకా, నా సర్వీసుకా?

చేరేవాళ్ళ జీతం అంత వేగంగా ఎందుకు పెరిగిందంటే, మనుషులు దొరక్క. కోవిడ్ తర్వాత చాలామంది గల్ఫ్‌కీ, ఇంగ్లండ్‌కీ, జర్మనీకీ వెళ్ళిపోయారు. ఆ పైన 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో దాదాపు ఏడు వేల మంది స్టాఫ్ నర్సులకి ప్రభుత్వం ఒకేరోజు నియామక పత్రాలు ఇచ్చింది. స్కేలు 36,750తో మొదలు, పైన డీఏ, ఇంటద్దె అలవెన్స్. మా ఒక్క ఐసీయూ నుంచే పదకొండు మంది వెళ్ళారు. వాళ్ళకి సంతోషంగా స్వీట్లు పంచి, ఆ రాత్రి రోస్టర్ ఎలా నింపాలో తెలీక నేను తల పట్టుకున్నాను. పదిహేను రోజుల్లో మా మేనేజ్‌మెంట్ కొత్తవాళ్ళ జీతాన్ని 16,000 నుంచి 19,000కి లేపింది. పాతవాళ్ళ ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఎందుకు ఎత్తలేదో ఆ మీటింగులో నేను కళ్ళారా చూశాను. ఎక్సెల్ షీట్‌లో ఖాళీల భర్తీ ఒక లైను, వార్షిక ఇంక్రిమెంట్ల బడ్జెట్ ఇంకో లైను. మొదటిది అత్యవసరం, ఎందుకంటే నర్సు లేకపోతే బెడ్డు మూతపడుతుంది, ఆ నష్టం రోజువారీ రిపోర్టులో కనిపిస్తుంది. రెండోది ఏప్రిల్ దాకా ఆగొచ్చు. ఆ రెండు లైన్లనీ పక్కపక్కన పెట్టి చూసే మనిషి ఆ గదిలో ఎవరూ లేరు. నేను ఉన్నాను గానీ నోరు తెరవలేదు.

ఇక నా తప్పు. మా దగ్గర పదకొండేళ్ళ సర్వీసున్న సిస్టర్ ఒకామె మూడు వేలు పెంచమని అడిగింది. మంచి పనిమంతురాలు, మాట తక్కువ. "వచ్చే అప్రైజల్‌లో చూద్దాంలే" అన్నాను. నిజంగానే చూద్దామనుకున్నాను కూడా. నెల తిరక్కుండా రిజైన్ చేసింది. ఆ ఖాళీలోకి ఆరేళ్ళ అనుభవం ఉన్న అమ్మాయిని ఆమె జీతం కంటే ఐదు వేలు ఎక్కువిచ్చి తెచ్చాం. మూడు వేలు ఇవ్వడానికి లేని బడ్జెట్ ఐదు వేలకి ఎక్కడినుంచి వచ్చిందని ఎవరూ అడగలేదు, ఎందుకంటే అది ఖాళీల లైను.

ఆమెతోపాటు ఏం పోయిందో ఒక్క సంగతి చెప్తాను, మీకు వెంటనే అర్థమవుతుంది. సెప్టిక్ షాక్ పేషెంటు, బీపీ నిలబెట్టే మందు నోరాడ్రినలిన్ నడుస్తోంది. పంపులో సిరంజి అయిపోవస్తోంది. కొత్త అమ్మాయి పంపు అలారం కొట్టేదాకా ఆగింది, అప్పుడు లేచి మందు కలపడానికి వెళ్ళింది. సిరంజి మార్చేలోపు బీపీ అరవైకి పడిపోయింది. ఆ అమ్మాయి తప్పుగా చేసిందేమీ లేదు, అలారం మోగింది, వెంటనే కదిలింది. పాత సిస్టర్ అయితే అరగంట ముందే రెండో సిరంజి లోడ్ చేసి, లేబుల్ రాసి, ఇంకో పంపులో పెట్టి సిద్ధంగా ఉంచేది. క్షణక్షణం బీపీ చూపించే ఆర్టీరియల్ లైన్ మీద కన్ను పెట్టి, రెండోది ఎక్కించాకే మొదటిది దించేది. మానిటర్ మీద గీత కదిలేది కాదు. జరగనిదాన్ని ఏ కేస్‌షీట్‌లోనూ రాయరు, ఆమె అప్రైజల్ ఫారంలోనూ దానికి గడి లేదు.

కాబట్టి మీ అనుభవాన్ని కాగితం మీద కనిపించేలా మీరే చెయ్యాలి. "తొమ్మిదేళ్ళుగా కష్టపడుతున్నాను" అంటే హెచ్ఆర్ తల ఊపుతారు, అంతే. ఒక పేజీ రాయండి. ఎన్నేళ్ళు, ఏయే యూనిట్లు. వెంటిలేటర్, డయాలసిస్, సెంట్రల్ లైన్ కేర్‌లో ఏవి ఎవరి సాయం లేకుండా చేస్తారు. గుండె ఆగినవాళ్ళని కాపాడే శిక్షణకిచ్చే బీఎల్ఎస్, ఏసీఎల్ఎస్ సర్టిఫికెట్లు ఎప్పటిదాకా చెల్లుతాయి. కిందటి రెండేళ్ళలో ఎంతమంది కొత్తవాళ్ళకి పని నేర్పారు, వాళ్ళలో ఎంతమంది ఇంకా అక్కడే ఉన్నారు. ఎన్ని షిఫ్టులకి ఇన్‌ఛార్జ్‌గా చేశారు (రోస్టర్లలో ఉంటుంది, లెక్కపెట్టండి). ఆసుపత్రుల నాణ్యతకి గుర్తింపునిచ్చే ఎన్ఏబీహెచ్ ఆడిట్ జరిగినప్పుడు మీ యూనిట్ ఫైళ్ళు ఎవరు సిద్ధం చేశారు. ఈ చివరిది తప్పకుండా రాయండి. నర్సుల క్రెడెన్షియలింగ్, ప్రివిలేజింగ్ రికార్డులు ఎన్ఏబీహెచ్ ప్రమాణాల్లో భాగం. ఏ నర్సు ఏ పని స్వతంత్రంగా చెయ్యగలదో ఆసుపత్రే సంతకం పెట్టి చూపించుకోవాలి. ఆడిటర్‌కి చూపించేటప్పుడు మీరు సీనియర్, జీతం దగ్గరకొచ్చేసరికి కాదా?

ఎంత అడగాలి? మీ పాత జీతం మీద శాతం అడగొద్దు. పది శాతం అడిగి ఎనిమిది తెచ్చుకున్నా 21,890 అవుతుంది. ఏడాది తిరిగేసరికి కొత్తవాళ్ళ జీతం మళ్ళీ ఓ వెయ్యి పెంచుతారు, మీరు మళ్ళీ మొదటికొస్తారు. ఈ రోజు కొత్తవాళ్ళకి ఇస్తున్న 19,500 దగ్గర మొదలుపెట్టండి. కేంద్ర ప్రభుత్వంలో సర్వీసుకిచ్చే ఇంక్రిమెంట్ బేసిక్ మీద ఏడాదికి 3 శాతం. అదే లెక్కన 19,500 మీద తొమ్మిదేళ్ళు వెయ్యండి, 25,440 వస్తుంది. మీ ఆసుపత్రిలో మీ సర్వీసుకి న్యాయంగా ఉండాల్సిన జీతం ఇది. 26,000 అడగండి. 24,000 దగ్గర తెగితే ఒప్పుకోవచ్చని నా అభిప్రాయం, ఒక షరతు మీద: ఇకమీదట ప్రారంభ జీతం పెంచినప్పుడల్లా మీకూ మీ మెట్టు ప్రకారం సవరిస్తామని మెయిల్‌లో రాసివ్వాలి. నోటిమాట మీద నమ్మకం పెట్టుకోకండి, హెచ్ఆర్‌లో మనుషులు మనకంటే త్వరగా మారతారు.

"బేసిక్ కుదరదు గానీ ఇన్‌ఛార్జ్ అలవెన్స్ రెండు వేలు ఇస్తాం" అంటారు, చూడండి. తీసుకోండి, కాదనొద్దు. కానీ దాన్ని జీతం పెరిగినట్టు లెక్కెయ్యకండి. యూనిట్ మారిస్తే అలవెన్స్ పోతుంది. మెటర్నిటీ లీవు నుంచి తిరిగొచ్చేసరికి ఇన్‌ఛార్జ్ ఇంకొకరై ఉంటారు, మాట్లాడకుండా ఆ రెండు వేలూ ఎగిరిపోతాయి. ఇది నేను ఒకటికి పదిసార్లు చూశాను.

ఆ అమ్మాయి పేస్లిప్ గురించి ఒక్క మాట. దాన్ని హెచ్ఆర్ టేబుల్ మీద పెట్టకండి, పేరు కూడా ఎత్తకండి. "జీతాలు కాన్ఫిడెన్షియల్" అంటూ విషయం పక్కదారి పట్టించి, చివరికి ఆ పిల్లని పిలిచి తిడతారు. మీ ఆసుపత్రివాళ్ళే వాకిన్ ఇంటర్వ్యూలకి వాట్సాప్ గ్రూపుల్లో పోస్టరు పెడతారు కదా, ఫ్రెషర్స్‌కి ఇంత అని. అది చాలు. వాళ్ళు ప్రకటించిన అంకెనే వాళ్ళకి చూపించండి.

ఒక్కరే వెళ్ళొద్దు. ఐదేళ్ళు దాటినవాళ్ళు మీ యూనిట్‌లో ఎంతమంది ఉన్నారో చూసి, నలుగురైనా సంతకం పెట్టిన కాగితంతో వెళ్ళండి. ఒక్క సిస్టర్ అడిగితే అది ఆమె గొడవ, ఐదుగురు అడిగితే రోస్టర్ గొడవ. ముందు మీ నర్సింగ్ సూపరింటెండెంట్‌కి చెప్పి వెళ్ళండి, ఆమెను దాటి పోవద్దు. మీటింగులో నోరు తెరవని నాలాంటి ఆమే అయినా, చేతిలో కాగితం ఉంటే కాస్త ధైర్యం వస్తుంది.

చట్టం సంగతి కూడా అడిగారు. 2016 జనవరి 29న సుప్రీంకోర్టు ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ వేసిన కేసులో, ప్రైవేటు నర్సుల పరిస్థితి మీద కమిటీ వెయ్యమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కమిటీ సిఫార్సు ఇది: 200 పడకలు దాటిన ఆసుపత్రిలో జీతం ఆ రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా ఉండాలి. 100 దాటితే 10 శాతానికి మించి తక్కువ ఉండకూడదు. 50 దాటితే 25 శాతానికి మించి తగ్గకూడదు. 50 లోపు పడకలున్నా నెలకి 20,000కి తగ్గకూడదు. మళ్ళీ చదవండి. చిన్న నర్సింగ్ హోమ్‌కి 2016లో చెప్పిన కనీసం, ఈ రోజు మూడు వందల పడకల ఆసుపత్రిలో మీ జీతం దాదాపు ఒకటే. మీ ఆసుపత్రి సైజుకి ఆ సిఫార్సు ప్రకారం 36,750 స్కేలు రావాలి.

కానీ అది సిఫార్సు. రాష్ట్రం నోటిఫికేషన్‌గా తెస్తే తప్ప దాన్ని పట్టుకుని లేబర్ ఆఫీసుకి వెళ్ళి ఇప్పించమనలేరు. కేరళలో తెచ్చుకున్నారు. అదీ ఊరికే రాలేదు. చేర్తలలో ఒక ఆసుపత్రి ముందు నర్సులు నెలల తరబడి సమ్మె చేశారు. అక్కడి నుంచి తిరువనంతపురం దాకా కాలినడకన బయల్దేరతామని తేదీ ప్రకటించారు. సరిగ్గా ముందురోజు, 2018 ఏప్రిల్ 23న, కనీస వేతనం 20,000 చేస్తూ ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చింది. మనవాళ్ళలో అలాంటి కట్టు లేదు. ఎందుకు లేదంటే అది వేరే పెద్ద కథ, సగం మంది ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆసుపత్రి బీరువాలో ఉన్నాయన్నది అందులో ఒక ముక్క. మీవి మీ దగ్గరే ఉన్నాయనుకుంటున్నాను. లేకపోతే జీతం కంటే ముందు వాటిని రాబట్టుకోండి.

ప్రభుత్వంలో అంతా పాలూ తేనే అనుకోకండి. కాంట్రాక్టు మీద ఏళ్ళకేళ్ళు చేసేవాళ్ళున్నారు, ఏటా రెన్యువల్ కాగితం, ఇంక్రిమెంట్ మాటే లేదు. తాత్కాలిక ఉద్యోగులైనా అదే పని చేస్తుంటే సమాన వేతనం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2016 అక్టోబరులో పంజాబ్ కేసులో చెప్పింది, కానీ దాన్ని అమలు చేయించుకోడానికి మళ్ళీ కోర్టు మెట్లెక్కాలి. తెలంగాణ స్టాఫ్ నర్స్ పోస్టుల్లో 80 మార్కులు పరీక్షకి, 20 ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సర్వీసుకి ఇచ్చారు. ప్రైవేటు ఐసీయూలో మీరు చేసిన తొమ్మిదేళ్ళకి అందులో సున్నా. రాయాలనుకుంటే రాయండి, ఆ 20 లేకుండా పోటీ పడుతున్నానని తెలిసి రాయండి.

ఇంగ్లండ్ వెళ్ళిన స్నేహితురాలి గురించి రాశారు. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో కొత్త నర్సు చేరే బ్యాండ్ 5 జీతం 2025-26లో 31,049 పౌండ్లతో మొదలై 37,796 దగ్గర ఆగింది. రెండేళ్ళకి ఒక మెట్టు, నాలుగేళ్ళకి ఆఖరి మెట్టు. ఆ మెట్లు ఎవరైనా ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు, పక్కమనిషి జీతం గుసగుసగా అడగక్కర్లేదు. ఆ ఒక్క పద్ధతి మనకి వస్తే నాకు చాలు. అయితే నాలుగేళ్ళు దాటాక బ్యాండ్ 6 పోస్టు వస్తే తప్ప అనుభవానికి అక్కడా పైసా కలవదు. పైగా ఇక్కడి సర్వీసు లెక్కలోకి తీసుకుంటారో లేదో చేరకముందే రాతపూర్వకంగా అడిగి తేల్చుకోకపోతే అట్టడుగు మెట్టు నుంచే మొదలుపెడతారు.

ఇప్పుడు ఎవరూ చెప్పని ఒక మెలిక. మీ జీతం 20,270 కాబట్టి మీరు ఈఎస్ఐలో (ఉద్యోగుల ఆరోగ్య బీమా) ఉన్నారు. పరిమితి 21,000. వేతనంగా లెక్కకొచ్చేది దాన్ని దాటితే ఏప్రిల్-సెప్టెంబరు, అక్టోబరు-మార్చి పీరియడ్‌లలో అప్పుడు నడుస్తున్నది ముగిశాక మీకు ఈఎస్ఐ కోత ఆగిపోతుంది, ఆ తర్వాత కొన్నాళ్ళకి సౌకర్యమూ పోతుంది. మీ అమ్మగారికి సనత్‌నగర్ ఈఎస్ఐలో షుగర్ మందులు తీసుకుంటున్నారని రాశారు కాబట్టి ఇది మీకు చిన్న విషయం కాదు. పెంపు అడిగేటప్పుడే తల్లిదండ్రులకీ వర్తించే గ్రూప్ మెడిక్లెయిమ్ అడగండి. "21,000 దాటకుండా ఉంచుతాం, మీకే లాభం" అని 20,950 దగ్గర ఆపే ఆసుపత్రులున్నాయి. ఆ వలలో పడకండి. "మెడిక్లెయిమ్ ఇవ్వలేం" అంటే పాలసీ ఖర్చు ఎంతో కనుక్కుని మీ అంకెలో కలిపి అడగండి.

మానేసే సంగతి ఆఖర్న ఆలోచించండి, కానీ తయారీ ఇప్పుడే మొదలుపెట్టండి. ఇంకో ఆసుపత్రిలో ఇంటర్వ్యూకి వెళ్ళి ఆఫర్ లెటర్ తెచ్చుకుంటే మీ మాటకి బరువొస్తుంది. అయితే వెళ్ళడానికి నిజంగా సిద్ధమైతేనే దాన్ని బయటపెట్టండి, ఉత్త బెదిరింపుని హెచ్ఆర్ వాళ్ళు ఇట్టే పసిగడతారు. ఐదేళ్ళు ఎప్పుడో దాటాయి కాబట్టి వెళ్ళేటప్పుడు గ్రాట్యుటీ మీ హక్కు. ఆఖరి బేసిక్, డీఏలను 15తో గుణించి 26తో భాగించి, సర్వీసు ఏళ్ళతో గుణించాలి. బేసిక్ పది వేలైతే దాదాపు 52,000. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. బేసిక్ తక్కువ చూపించి అలవెన్సులు ఎక్కువ రాసే అలవాటు మన ఆసుపత్రుల్లో ఉంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌ల ప్రకారం అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటినంత మేర వేతనంలోనే కలిపి లెక్కెయ్యాలి. నోటీసు పీరియడ్ పూర్తిగా చెయ్యండి, రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ చేతికి తీసుకోండి. కోపంలో మధ్యలో వదిలేసి వెళ్ళి, ఆ రెండు కాగితాల కోసం ఏడాది తిరిగినవాళ్ళు నాకు తెలుసు.

అప్రైజల్ బడ్జెట్ చాలా ఆసుపత్రుల్లో ఫిబ్రవరిలోనే కట్టేస్తారు, ఏప్రిల్‌లో అడిగితే అప్పటికే అంకెలు ఖాయమై ఉంటాయి. అందుకని ఆ ఒక్క పేజీ జనవరి మొదటివారంలో సూపరింటెండెంట్ టేబుల్ మీద ఉండాలి. పేస్లిప్‌లో మీ బేసిక్ ఎంతో, అలవెన్సులు ఎంతో రాయలేదు. అవి రాస్తే గ్రాట్యుటీ, పీఎఫ్‌లో ఎంత తేడా వస్తోందో లెక్కేసి చెప్తాను.